ఒకప్పటి స్టూడెంట్ వీసా గ్రీన్‌కార్డుకు అడ్డమా?

వలస మన జిల్లాలకు కొత్తేమీ కాదు. ఒకప్పుడు ఇక్కడి వాళ్లు రంగూన్ ఓడ ఎక్కారు, తర్వాత గల్ఫ్ విమానం ఎక్కారు. ఇప్పుడు రాజాం నుంచి పలాస దాకా ఏ ఊరు చూసినా ఎమ్మెస్‌కని అమెరికా వెళ్లిన పిల్లలున్న ఇళ్లు నాలుగైనా తగులుతాయి. వాళ్లలో చాలామంది చదువు ముగించి, ఉద్యోగంలో కుదురుకుని, గ్రీన్‌కార్డు ఫైలు పెట్టి కూర్చున్నారు. ఏళ్లు గడుస్తున్నా అది కదలకపోయేసరికి ఇంట్లోవాళ్లకు ఒక అనుమానం పట్టుకుంది. "మావోడు స్టూడెంట్ వీసా మీద ఎల్లినందుకే లేటయిపోతందేటి?" అని. దాని వెనకే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. చదువయ్యాక తిరిగొచ్చేస్తానని ఇంటర్వ్యూలో చెప్పినవాడు ఇప్పుడు అక్కడే ఉండిపోతానంటే అబద్ధం కింద పట్టుకోరా?

స్టూడెంట్ వీసా ఉండేదన్న ఒక్క కారణంతో ఎవరి ఫైలూ వెనక్కి పోదు. అమెరికా విషయంలోనైతే మనవాళ్లలో ఎక్కువమందికి అసలు దారే అది. అయితే ఆ వీసా మీద ఉన్నన్నాళ్లూ ఏం చేశారు, ఏం రాసిచ్చారు, ఎవరి దగ్గర పనిచేశారు అన్నది తర్వాత పెట్టే ప్రతి ఫైలులోనూ మళ్లీ బయటికొస్తుంది. ఇళ్లలో ఈ టెన్షన్ అంతా మూడు వేర్వేరు సంగతులను ఒకే ముద్దగా చూడటం వల్ల వస్తోంది. దేశాల వారీ క్యూ ఒకటి, పాత రికార్డు పరిశీలన ఒకటి, చట్టం నేరుగా పెట్టే నిషేధం ఇంకొకటి. మొదటిదానికి స్టూడెంట్ వీసాతో సంబంధం దాదాపు లేదు. రెండోదానికి చాలా ఉంది. మూడోది కొందరికే, కానీ తగిలితే గట్టిగా తగులుతుంది.

క్యూ ఎక్కడ మొదలవుతుంది

అమెరికా ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు ఇస్తుంది. భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ మామూలుగా 7 శాతానికి మించి ఇవ్వరు. మన దేశం నుంచి అడిగేవాళ్లు లక్షల్లో ఉన్నారు కాబట్టి క్యూ పెరిగిపోయింది. 2025 చివరికి కూడా మాస్టర్స్ చదివినవాళ్లు ఎక్కువగా వచ్చే ఈబీ-2 విభాగంలో భారతీయుల తేదీ 2013 దాటలేదు. అంటే 2013లో క్యూలోకి వచ్చినవాళ్ల ఫైళ్లే అప్పటికి నడుస్తున్నాయి.

అలా క్యూలోకి వచ్చిన తేదీనే ప్రయారిటీ డేట్ అంటారు. ఉద్యోగం ఇచ్చిన కంపెనీ అక్కడి కార్మిక శాఖలో, ఆ పనికి అక్కడివాళ్లు దొరకలేదని చూపే పెర్మ్ దరఖాస్తు వేసిన రోజు అది. పెర్మ్ అక్కర్లేని విభాగాల్లో ఐ-140 అనే గ్రీన్‌కార్డు పిటిషన్ దాఖలైన రోజు. అమెరికాలో అడుగుపెట్టిన రోజూ కాదు, డిగ్రీ చేతికొచ్చిన రోజూ కాదు. రథసప్తమికి ముందు రాత్రే అరసవల్లి చేరుకుని ఇంద్ర పుష్కరిణి గట్టున ఎంతసేపు కూర్చున్నా, దర్శనానికి మన వంతు లెక్క క్యూలోకి దూరిన క్షణం నుంచే కదా. చదువుకున్న ఏళ్లన్నీ ఆ గట్టు మీద కూర్చున్న కాలం లాంటివే.

ఇంట్లోవాళ్ల అనుమానంలో కాస్త నిజం ఉన్నది కూడా ఇక్కడే. ఇద్దరు తోడళ్లుళ్లు ఉన్నారనుకుందాం. ఒకాయన 2015లో కంపెనీ పంపితే నేరుగా హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వెళ్లాడు. ఏడాది తిరక్కుండానే కంపెనీ పెర్మ్ వేసింది. రెండో ఆయన అదే ఏడాది ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వెళ్లాడు. ఎమ్మెస్ రెండేళ్లు, చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ ఏడాది, సైన్సు, ఇంజినీరింగ్ లాంటి స్టెమ్ కోర్సు కాబట్టి ఇంకో రెండేళ్లు. ఈలోపు హెచ్-1బి లాటరీ రెండుసార్లు పోయి మూడోసారి తగిలింది. కొత్త కంపెనీ ఏడాది ఆగి గానీ పెర్మ్ మొదలుపెట్టలేదు. ఇద్దరూ ఒకే ఏడాది విమానం ఎక్కినా ప్రయారిటీ డేట్లలో ఐదారేళ్ల తేడా వచ్చేసింది. అత్తవారింట్లో పండక్కి కలిసినప్పుడు, "ఆయనకి ముందు వచ్చేలా ఉంది, మావాడికి రాలేదేం" అనే ప్రశ్నకు జవాబు ఇదే. స్టూడెంట్ వీసా రెండో ఆయన ఫైలును ఎక్కడా ఆపలేదు. ఆయన క్యూలోకి వచ్చిందే ఆలస్యంగా.

ఇంకో వైపు కూడా చూడాలి. హెచ్-1బిలో అందరికీ ఉన్న 65,000 కాకుండా అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు విడిగా 20,000 ఉన్నాయి. హెచ్-1బి మీద మామూలుగా ఆరేళ్లే ఉండనిస్తారు, అందులో చదువు ఏళ్లను కలపరు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఇక్కడ ఇళ్లలో గుండెలు జారాయి. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి హెచ్-1బికి మారేవాళ్లకు అది వర్తించదని ఆ తర్వాతి నెలలో అక్కడి ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ వివరణ ఇచ్చింది. ఇక్కడి నుంచి నేరుగా వెళ్దామనుకునేవాళ్లతో పోలిస్తే పాత విద్యార్థికి ఆ రోజు ఊపిరి ఆడింది.

తిరిగొస్తానని చెప్పి ఉండిపోతే

హైదరాబాద్ కాన్సులేట్‌లో ఎఫ్-1 ఇంటర్వ్యూకి వెళ్లిన ప్రతి పిల్లాడికీ 214(బి) సెక్షన్ పేరు తెలుసు. వచ్చినవాడు అక్కడే స్థిరపడిపోవడానికే వచ్చాడని ఆ సెక్షన్ ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవడం మన పని. అందుకే కన్సల్టెన్సీల్లో "చదువవగానే వచ్చేస్తాను, మా నాన్నగారికి జీడితోట ఉంది" అంటూ బట్టీ పట్టిస్తారు.

తర్వాత గ్రీన్‌కార్డుకు వెళ్తే ఆ మాట తిరగబడుతుందా? మామూలుగా తిరగబడదు. చట్టం చూసేది ఆ రోజు ఉన్న ఉద్దేశాన్ని. ఆ తర్వాత మనసు మారడం నేరం కాదు. చదువు, ఓపీటీ, హెచ్-1బి, గ్రీన్‌కార్డు అన్నది అమెరికా చట్టాలే తెరిచి ఉంచిన మెట్లదారి. పైగా హెచ్-1బికి ద్వంద్వ ఉద్దేశం అనే వెసులుబాటు ఉంది. ఆ వీసా మీద ఉంటూనే శాశ్వత నివాసానికి అడగొచ్చు. కాబట్టి ఐదేళ్లు ఎఫ్-1 మీద సక్రమంగా ఉండి హెచ్-1బికి మారినవాణ్ణి, "అప్పుడలా అన్నావు, ఇప్పుడిలా అంటున్నావేం" అని అడిగే అవసరం అధికారికి రాదు.

తేడా అంతా వ్యవధిలో ఉంది. దేశంలో దిగిన 90 రోజుల్లోపే వీసాకు పొసగని పని చేస్తే, ఉదాహరణకు అనుమతి లేని ఉద్యోగంలో చేరితే, వచ్చేటప్పుడే అబద్ధం చెప్పాడని అనుకోవచ్చని అక్కడి విదేశాంగ శాఖ 2017 నుంచి తన అధికారులకు చెబుతోంది. అబద్ధం చెప్పి వీసా పొందినట్టు తేలితే అది జీవితకాలపు అడ్డంకి. మినహాయింపులు చాలా తక్కువ.

అసలు ఇబ్బంది మనవాళ్లు అనుకునే దానికి ఎదురు దిశలో ఉంటుంది. పాత ఎఫ్-1 గ్రీన్‌కార్డును ఆపదు గానీ, మొదలైన గ్రీన్‌కార్డు ఫైలు కొత్త ఎఫ్-1ను ఆపగలదు. కంపెనీ ఐ-140 వేసేసిన తర్వాత, లాటరీ తగల్లేదని మళ్లీ కాలేజీలో చేరి, ఇంటికొచ్చి పాస్‌పోర్ట్‌లో ఎఫ్-1 వీసా స్టాంపింగ్‌కి వెళ్తే 214(బి) గోడ ఎదురవుతుంది. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో "మీ తరఫున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా" అని అడుగుతారు. వేసి ఉంటే వేశారనే చెప్పాలి. అమెరికా పౌరుడైన మేనమామ ఎప్పుడో అమ్మ పేరున వేసిన ఐ-130 కుటుంబ పిటిషన్ సంగతి కూడా ఇంటర్వ్యూలో రావచ్చు. ఆ క్యూ పదిహేనేళ్లు దాటిపోయింది. అందులో పేరున్న పిల్లలు ఈలోపు పెద్దవాళ్లై కాలేజీలకే దరఖాస్తు చేస్తున్నారు. ఆ పిటిషన్ ఉన్నంత మాత్రాన వీసా ఇవ్వరని కాదు. దాచితే మాత్రం చిన్న ప్రశ్న కాస్తా పెద్ద కేసవుతుంది.

పాత రికార్డు తిరగేసినప్పుడు

2003 నుంచి విదేశీ విద్యార్థుల లెక్కంతా సెవిస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఉంటోంది. ఏ కాలేజీ చేర్చుకున్నట్టు ఐ-20 కాగితం ఇచ్చింది, ఎప్పుడు చేరారు, ఎప్పుడు బదిలీ అయ్యారు, చదువులో భాగంగా చేసే పని, అంటే సీపీటీ ఎన్ని నెలలు, ఓపీటీలో ఏ కంపెనీ పేరు చూపించారు, అన్నీ అందులో ఉంటాయి. పదేళ్ల తర్వాత గ్రీన్‌కార్డు అధికారి ముందు కూర్చున్నప్పుడు మనకు గుర్తుండకపోవచ్చు. దానికి గుర్తుంటుంది.

ఎక్కువమందికి చిక్కు ఓపీటీ దగ్గరే వస్తుంది. ఓపీటీ మొదలయ్యాక మొత్తం మీద 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. స్టెమ్ పొడిగింపుతో కలిపితే 150 రోజులు. ఉద్యోగం దొరక్క రోజులు కరిగిపోతుంటే కొందరు ఏదో ఒక చిన్న కన్సల్టెన్సీని పట్టుకుని, "నీ పేరు మా కంపెనీలో చూపిస్తాం, క్లాక్ ఆగిపోతుంది" అన్న మాట నమ్మేస్తారు. పనీ ఉండదు, జీతమూ ఉండదు, సెవిస్‌లో మాత్రం ఉద్యోగి. ఆ పూటకు గండం గడిచిపోతుంది. మూడేళ్ల తర్వాత హెచ్-1బి పిటిషన్‌లోనో, స్టాంపింగ్‌లోనో, చివరికి గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485లోనో, "ఆ కాలంలో మీకొచ్చిన జీతం రసీదులు, ఆ మేనేజర్ పేరు, మీరు చేసిన ప్రాజెక్టు వివరాలు పంపండి" అని కాగితం వస్తుంది. ఆ కంపెనీ అప్పటికే మూతపడి ఉంటుంది, ఫోన్ ఎత్తేవాడుండడు. ఖాళీగా ఉన్నానని ఒప్పుకుంటే అది స్టేటస్, అంటే వీసా షరతుల ఉల్లంఘన. లేని ఉద్యోగం ఉందని చూపిస్తే అది మోసం. రెండోది మొదటిదానికన్నా చాలా పెద్ద తప్పు. నన్నడిగితే మన పిల్లలు చేసే పొరపాట్లలో తిరిగి సరిదిద్దుకోలేనిది ఇదొక్కటే.

అలా వచ్చే కాగితాన్ని ఆర్‌ఎఫ్‌ఈ అంటారు. జవాబుకు గరిష్ఠంగా 84 రోజులిస్తారు. హెచ్-1బికి ప్రీమియం ఫీజు కట్టినవాళ్లకు 15 పనిదినాల్లో ఏదో ఒకటి తేల్చాలి. కానీ ఆర్‌ఎఫ్‌ఈ రాగానే ఆ గడియారం ఆగిపోతుంది, జవాబు అందాక మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంది. స్టూడెంట్ కాలం వల్ల ఆలస్యం అంటూ నిజంగా ఉంటే అది ఎక్కువగా ఈ రూపంలోనే ఉంటుంది. వారాలు, నెలలు. క్యూలోలా దశాబ్దాలు కాదు.

సీపీటీది ఇంకో తంటా. చేరిన మొదటి రోజు నుంచే పూర్తికాలం పని చేసుకోనిచ్చే కోర్సులున్నాయి. డే-వన్ సీపీటీ అని పిల్లలందరికీ తెలుసు. అది దానంతటది చట్టవిరుద్ధం కాదు. కానీ కాలేజీ ఒక రాష్ట్రంలో, ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో, క్లాసుకు నెలకోసారి ప్రయాణం అంటే నిజంగా చదువుతున్నాడా అని అధికారి అడగడంలో ఆశ్చర్యం లేదు. హాజరు, హోటల్ బిల్లులు, విమానం టికెట్లు దాచుకున్నవాళ్లు బయటపడ్డారు, దాచుకోనివాళ్లు అవస్థ పడ్డారు. ఒకే స్థాయి చదువులో పూర్తికాలం సీపీటీ 12 నెలలు వాడేస్తే ఆ స్థాయికి ఓపీటీ రాదన్న సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

కాలేజీ పేరే సమస్యైన సందర్భాలూ మనవాళ్లకు బాగా తెలుసు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. అక్కడి విద్యార్థుల్లో తెలుగువాళ్లు చాలామంది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు అమెరికా అధికారులే పన్నిన వల అని బయటపడింది. క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. స్టేటస్ నిలబెట్టుకోవడానికి అందులో పేరు రాయించుకున్నవాళ్లలోనూ మనవాళ్లే ఎక్కువ. అలాంటి పేరు సెవిస్‌లో ఉన్నవాళ్లకు ఆ తర్వాత ఏ వీసాకు వెళ్లినా మొదటి ప్రశ్న దాని గురించే.

ఇక పెట్రోల్ బంకులో, ఇండియన్ స్టోరులో, హోటల్లో చేతికి డబ్బు తీసుకుని చేసే పని. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయాలన్నది రూలు. బయట చేయాలంటే అనుమతి కావాలి. అప్పు కిస్తీ కట్టాలన్న ఒత్తిడిలో ఎవరు ఎందుకు చేస్తారో మనకు తెలియనిది కాదు. కానీ ఐ-485లో ఒక ప్రశ్న సూటిగా ఉంటుంది: అనుమతి లేకుండా ఎప్పుడైనా పనిచేశారా? ఇక్కడ చట్టం అనుకున్నంత కఠినంగా లేదు. ఉద్యోగ కోటాలో వచ్చేవాళ్లకు 245(కె) అనే సెక్షన్ ఉంది. చివరిసారి సక్రమంగా దేశంలోకి వచ్చిన రోజు నుంచి లెక్కేసి, అన్ని ఉల్లంఘనలూ కలిపి 180 రోజులకు మించకపోతే గ్రీన్‌కార్డు ఇవ్వొచ్చు. చదువు రోజుల్లో మూడు నెలలు బంకులో పనిచేసినవాడు తర్వాత హెచ్-1బి స్టాంపింగ్ చేయించుకుని మళ్లీ దేశంలో దిగి ఉంటే, పాత రోజులు ఆ 180 లెక్కలోకి రావు. ప్రశ్నకు నిజం చెప్పాల్సింది మాత్రం అప్పుడూ చెప్పాలి. "లేదు" అని టిక్కు పెడితే క్షమించదగ్గ తప్పు కాస్తా అబద్ధంగా మారిపోతుంది. ఇలాంటిదేదైనా ఉన్నవాళ్లు టిక్కు పెట్టేముందు లాయర్‌తో ఒక గంట మాట్లాడటం మంచిది. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో అడిగితే ధైర్యం దొరుకుతుంది గానీ సలహా దొరకదు.

నిజంగా ఆపేవి

వీసా గడువు దాటి ఉండిపోతే మూడేళ్లు, పదేళ్లు రానివ్వరన్న మాట అందరూ వినే ఉంటారు. చట్టవిరుద్ధ నివాసం 180 రోజులు దాటాక దేశం విడిచి వెళ్తే మూడేళ్లు, ఏడాది దాటాక వెళ్తే పదేళ్లు మళ్లీ రానివ్వరు. ఎఫ్-1 వాళ్ల సంగతి కొంచెం వేరు. దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే వాళ్ల ఐ-94 రికార్డు మీద తేదీకి బదులు డి/ఎస్ అని ఉంటుంది. స్టేటస్ ఉన్నంతకాలం ఉండొచ్చు అని దానర్థం. ఇలా వచ్చినవాళ్లకు స్టేటస్ పోయిన రోజు నుంచే ఆ 180 రోజుల లెక్క మొదలవదు. ఇమిగ్రేషన్ శాఖ ఏదైనా దరఖాస్తు మీద ఉల్లంఘన జరిగిందని తేల్చినప్పుడో, జడ్జి ఉత్తర్వు ఇచ్చినప్పుడో మొదలవుతుంది. 2018లో దీన్ని కఠినం చేయబోతే కోర్టు అడ్డుకుంది. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఒక్కసారిగా రద్దయి, కోర్టు కేసుల తర్వాత మళ్లీ తెరుచుకున్నాయి. ఆ రోజుల్లో మెయిల్ వచ్చిన పిల్లలు దాన్ని, రికార్డు తిరిగి తెరిచినట్టు వచ్చిన కాగితాన్ని రెండిటినీ భద్రంగా ఉంచుకోవాలి. రేపు ఎవరైనా అడిగితే ఆ ఖాళీకి లెక్క చెప్పేవి అవే.

చదువు వీసాయే నేరుగా అడ్డం పడే చోటు ఒకటుంది. అది ఎఫ్-1 కాదు, జె-1. ఎక్స్చేంజి విజిటర్ కింద వెళ్లిన కొందరికి 212(ఇ) సెక్షన్ వర్తిస్తుంది. పని ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండి గానీ హెచ్-1బికి, గ్రీన్‌కార్డుకు అడగకూడదు. భారత్ ఒకప్పుడు ఈ రూలు కోసం అమెరికా పెట్టిన నైపుణ్యాల జాబితాలో ఉండటంతో ఎంతోమంది పరిశోధకులు ఇందులో ఇరుక్కున్నారు. 2024 డిసెంబరులో అమెరికా జాబితా మార్చి భారత్ పేరు తీసేసింది. ప్రభుత్వ నిధులతో వెళ్లినవాళ్లకు, రెసిడెన్సీ, అంటే ఆసుపత్రి శిక్షణ చేసే డాక్టర్లకు మాత్రం రూలు అలాగే ఉంది. శ్రీకాకుళంలో ఎంబీబీఎస్ చదివి జె-1 మీద రెసిడెన్సీకి వెళ్లిన డాక్టరమ్మ రెండేళ్లు వెనక్కి రావాలి, లేదా డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తానని ఒప్పుకుని మాఫీ తెచ్చుకోవాలి. ఆ మాఫీలు అక్కడి ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30. జె-2 మీద వెళ్లిన భర్తకూ అదే రూలు. పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఏ వీసా" అని అడిగే పెద్దలు "జె అయితే రెండేళ్ల రూలుందా" అని కూడా అడగటం నేర్చుకుంటే బాగుంటుంది.

కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్

ఇక్కడ త్వరగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే ఈ దేశాలు స్టూడెంట్ వీసాను చాలావరకు లాభంగానే చూస్తాయి. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పీఆర్ (శాశ్వత నివాసం) పాయింట్ల పద్ధతిలో అక్కడి చదువుకు 15 నుంచి 30 పాయింట్లున్నాయి. పౌరసత్వం అడిగేటప్పుడు పీఆర్‌కు ముందు చదువుకున్న ప్రతి రోజునూ సగం రోజుగా, గరిష్ఠంగా 365 రోజుల దాకా కలుపుతారు. పూర్తికాలం చదువుతూ చేసిన పార్ట్‌టైమ్ పనిని మాత్రం కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ అనే పీఆర్ విభాగంలో అనుభవంగా లెక్కించరు. చాలామంది దీన్ని కలిపేసుకుని తర్వాత కంగుతింటున్నారు. ఆస్ట్రేలియా అక్కడ రెండేళ్ల చదువుకు 5 పాయింట్లిస్తుంది. కాకపోతే రెండు వారాలకు 48 గంటల పని పరిమితి దాటినవాళ్ల వీసా రద్దు కావచ్చు, అది రికార్డులో నిలిచిపోతుంది. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్‌గా స్థిర నివాసం అడిగేటప్పుడు చూసే ఏళ్ల లెక్కలో స్టూడెంట్ కాలం రాదు.

ఒక దేశంలో చదివి ఇంకో దేశానికి అడిగేవాళ్లకు రెండు పనులు అదనంగా ఉంటాయి. ఒకటి పోలీసు సర్టిఫికెట్. కెనడా అయితే గత పదేళ్లలో వరసగా ఆరు నెలలు ఉన్న ప్రతి దేశం నుంచీ, ఆస్ట్రేలియా అయితే మొత్తం ఏడాది ఉన్న ప్రతి దేశం నుంచీ అడుగుతాయి. అమెరికాలో ఎమ్మెస్ చేసి ఇంటికొచ్చేసి, విజయనగరంలో కూర్చుని కెనడా పీఆర్‌కు పెట్టుకున్నవాడు ఎఫ్‌బీఐ సర్టిఫికెట్ కోసం ఎఫ్‌డీ-258 కార్డు మీద పది వేళ్ల ముద్రలూ సిరాతో వేయించి అమెరికా పంపాలి. రుసుము 18 డాలర్లే. ఖరీదు కన్నా, ముద్రలు మసకబారాయని తిప్పి పంపితే పోయే సమయమే ఎక్కువ. అక్కడుండగానే చేయించుకుంటే అరపూట పని.

రెండోది పాత రిజెక్షన్లు. ఈ దేశాలన్నీ "ఏ దేశంలోనైనా ఎప్పుడైనా వీసా నిరాకరించారా" అని అడుగుతాయి. హైదరాబాద్‌లో రెండుసార్లు ఎఫ్-1 రిజెక్ట్ అయి తర్వాత కెనడా వెళ్లినవాడు అది రాయాలి. 221(జి) స్లిప్ ఇచ్చి కాగితాలడిగి చివరికి వీసా ఇచ్చినా, అమెరికా లెక్కలో ఆ స్లిప్ కూడా నిరాకరణే. రిజెక్ట్ అయిందని రాస్తే ఫైలు పోదు. రాయకుండా దొరికితే కెనడా ఐదేళ్లు తలుపు మూసేస్తుంది. దొరకడం కష్టమేమీ కాదు. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వేలిముద్రలు పోల్చి చూసుకునే ఏర్పాటు చేసుకున్నాయి.

మన ఇంటి బీరువాలో ఉన్న చిక్కులు

అక్కడి చట్టాల సంగతి అలా ఉంచితే, ఇక్కడ కూర్చుని సరిచేయగలిగిన ఆలస్యాలు కొన్ని ఉన్నాయి. మొదటిది పేరు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పాస్‌పోర్ట్ తీసేటప్పుడు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు రెండో గడిలో పెట్టేసినవాళ్లు మన జిల్లాల్లో కోకొల్లలు. అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని, అంటే పేరు తెలియదని పడుతుంది. కాలేజీ ఐ-20, డ్రైవింగ్ లైసెన్స్, సోషల్ సెక్యూరిటీ కార్డు తలోరకంగా తయారవుతాయి. తర్వాత పాస్‌పోర్ట్ సరిచేయించుకున్నా, స్టూడెంట్ కాలపు రికార్డులన్నీ ఎఫ్‌ఎన్‌యూ పేరుతోనే ఉంటాయి. గ్రీన్‌కార్డు ఫారంలో "ఇంతకుముందు వాడిన పేర్లు" అన్న చోట అది కూడా రాయాలి. చాలామంది అదొక పేరేంటని వదిలేస్తారు.

రెండోది జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. 2018లో వెళ్లిన పిల్లాడి పాత కాగితాల్లో ఒక జిల్లా, ఇప్పుడు కొత్తగా తీసిన సర్టిఫికెట్‌లో ఇంకో జిల్లా ఉంటాయి. మనకది వింతగా అనిపించదు, నెబ్రాస్కాలో కూర్చున్న అధికారికి అనిపిస్తుంది. జిల్లాల విభజన ఉత్తర్వు కాపీ, రెండు వాక్యాల వివరణ జతచేస్తే సరిపోతుంది.

మూడోది డీఎస్-160. ఆ రోజుల్లో దాన్ని కన్సల్టెన్సీలో ఎవరో నింపారు, పిల్లాడు చూడకుండానే సబ్మిట్ నొక్కారు. నాన్న వృత్తి, ఆదాయం, అమెరికాలో బంధువులు ఉన్నారా లేదా అన్నవన్నీ అందులో ఉన్నాయి. తర్వాతి ఫారాల్లో వేరేగా రాస్తే తేడా కనబడుతుంది, బాధ్యత సంతకం చేసినవాడిదే. బ్యాంకులో పది రోజులకు డబ్బు వేయించి చూపించిన బ్యాలెన్స్ కూడా అదే లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు వెళ్తున్న పిల్లలైతే సబ్మిట్ చేసిన ఫారం పీడీఎఫ్‌ను అక్కడే తమ మెయిల్‌కు పంపించుకోవాలి. ప్రతి ఐ-20నూ, చివరి పేజీ ప్రయాణ సంతకాలతో సహా స్కాన్ చేసి పెట్టుకోవాలి. కాలేజీలు వాటిని ఎల్లకాలం దాచవు.

చివరిది, ఎక్కువ ఇళ్లలో లేనిది, పుట్టిన తేదీ సర్టిఫికెట్. ఎఫ్-1కి టెన్త్ మెమోతో పని జరిగిపోయింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఐ-485కి జనన ధ్రువీకరణ పత్రం కావాలి. తొంభైలలో ఉద్దానం పల్లెల్లో మంత్రసాని చేతుల మీద పుట్టినవాళ్లకు పంచాయతీ రిజిస్టర్‌లో నమోదే ఉండకపోవచ్చు. ఉన్నా పేరు గడి ఖాళీగా ఉండొచ్చు. నమోదు లేకపోతే లేదని పంచాయతీ నుంచో మున్సిపాలిటీ నుంచో రాయించుకోవాలి, లేదా ఆర్డీవో ఉత్తర్వుతో ఆలస్యపు నమోదు చేయించాలి. పుట్టిన ఏడాది దాటాక నమోదైన సర్టిఫికెట్ ఒక్కటే ఇస్తే అధికారి ఇంకా ఆధారాలు అడుగుతాడు. కాబట్టి టెన్త్ మెమో, పుట్టుక సంగతి ఎరిగిన ఇద్దరి అఫిడవిట్లు కూడా కలిపి పంపాలి. ఆ ఇద్దరూ మామూలుగా అమ్మా నాన్నే, లేదా మేనత్తో పెద్దమ్మో. ప్రయారిటీ డేట్ కరెంట్ అయ్యాక, అంటే మన వంతు వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెడితే నెలలు పోతాయి. ఈ కాగితానికి కాలదోషం లేదు, ఈ ఏడాదే తీసి ఉంచుకోవచ్చు.